సాంబ్రాణి నీళ్లు, పుల్లటి ఆపిల్

"ఏం పెట్టావే అవ్వ నోట్లో?" బఖీతా గుమ్మంలోంచే అరిచింది.

షమ్సా గబుక్కున చెయ్యి వెనక్కి దాచింది. ఆ చేతిలో పుల్లటి ఆపిల్ ముక్క. అది తింటే మతిమరుపు వస్తుందని ఒమన్‌లోని ఆ సలాలా ఊళ్లో పిల్లలకు కూడా తెలుసు.

"నోరు చప్పగా ఉందంటేనూ, అత్తా..."

"నీ తెలివి నా దగ్గరా! తెల్లారగట్లే సాంబ్రాణి నానబెట్టిన నీళ్లు, ఎండుద్రాక్ష పెట్టి నేను గుర్తు తెప్పిస్తుంటే, నువ్వు వెనకనుంచి మరిపిస్తున్నావా?" మేనత్త ఆ ముక్కను లాక్కుని కిటికీలో పెట్టింది.

షమ్సా ఆ ముక్క వైపే చూసింది. శుక్రవారమే ముసల్లంతో తన పెళ్లి. తను పుట్టినప్పుడు తల్లికి జబ్బు చేస్తే, పొరుగింటి తుఫూల్ అవ్వే పాలిచ్చింది. అప్పట్లో అవ్వ ఇంకో మగపిల్లవాడికి కూడా పాలిచ్చిందని, వాడు ముసల్లమేనని అత్త గోల. వాళ్ల మతంలో ఒకే తల్లి పాలు తాగినవాళ్లు అన్నాచెల్లెళ్లు. పెళ్లి కుదరదు. చెప్పాల్సిన అవ్వకేమో మతి నిలవదు.

"నా కొడుకు సుహైల్ లాంటివాడు ఇంట్లో ఉండగా పరాయి సంబంధాలెందుకో!" అంది అత్త, మూలన కూర్చున్న షమ్సా తండ్రికి వినబడేలా.

"ముందు అవ్వను చెప్పనీ, అక్కా. నిజమైతే నేనే ఆపేస్తా" అన్నాడాయన.

"డాక్టరు మాత్రలకే గుర్తురానిది, ఈ బంక నీళ్లకు వస్తుందా నాన్నా?"

"ఎందుకు రాదు? మా తాత ఇవి తాగే ఖురాన్ మొత్తం కంఠతా పట్టాడు!" అత్త గిన్నెను అవ్వ నోటికి ఆనించింది. "తాగవ్వా. ఒక పక్క షమ్సా. రెండో పక్క ఎవరు?"

అవ్వ గుటకేసి మొహం చిట్లించింది. ఉన్నట్టుండి ఆమె కళ్లు మెరిశాయి.

"వస్తోంది... వస్తోందే! ఈ పక్క ఇది. ఆ పక్క బొద్దుగా ఓ మగపిల్లాడు. మేకపాలు పడితే ఉమ్మేసేవాడు. ఒకటే ఏడుపు!"

షమ్సా కళ్లు గట్టిగా మూసుకుంది.

"విన్నావా తమ్ముడూ!" అత్త ఆనందం పట్టలేకపోయింది. "ఇంకో గుక్క తాగవ్వా! పేరు చెప్పు, పేరు!"

"సాంబ్రాణి కోతల రోజులు. వాళ్లమ్మ వాణ్ణి నా దగ్గర వదిలేసి కొండెక్కేది. వాడి మెడమీద ఖర్జూరపు గింజంత పుట్టుమచ్చ..."

అత్త చేతిలో గిన్నె తొణికింది. ఒక్క ఉరుకున కిటికీ దగ్గరకెళ్లి, ఆపిల్ ముక్క తెచ్చి అవ్వ నోట్లో కుక్కబోయింది.

"చాలవ్వా, అలసిపోయావు! ఇది తిని పడుకో!"

అవ్వ ఆ చేతిని విసురుగా తోసేసింది.

"ఉండవే బఖీతా! మేకపాలే పట్టానని ఆనాడు నీతో అబద్ధమాడాను గానీ, వాడు నీ సుహైలే!"