పేరు మీద ఆనిన గొంతు

"ఫిలమీనా నోయెల్ పేరు చదివేది అలాగేనా? చేపల ధర చెప్పినట్టు!"

రేడియో స్టేషన్ గేటు దగ్గర ఒక ముసలాయన అడ్డంగా నిలబడ్డాడు. పేరు ఆల్బన్ రెడ్‌హెడ్ అట.

వెర్లిన్ గొడుగు మూసింది. గ్రెనడా దీవిలో ఎవరు పోయినా మధ్యాహ్నం రేడియోలో ఆ కబురు చదువుతారు. ఆ పనిలో ఆమెకు ఇది మూడో వారం. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో శుక్రవారం తేలుతుంది.

"తప్పు చదివానా?"

"తప్పేం లేదు. నీ ఇంగ్లీషు ఇస్త్రీ చొక్కా. ఒక్క ముడత లేదు. అదే నా బాధ."

"ఆవిడ మీకు చుట్టమా?"

"కాదు."

"మరి మీకెందుకు?"

"పదిమంది పిల్లలున్నవాళ్ళ పేరైతే గొంతు దించుతావు, మెత్తగా పలుకుతావు. వెనక ఎవరూ లేని పేరైతే ఒకటే పరుగు. అమ్మడూ, అలాంటి పేరు మీదే గొంతు ఆనించాలి. ఒక్క ఊపిరి ఆగాలి. ఖననం ఎప్పుడో, ఏ సమాధుల తోటలోనో నిదానంగా చెప్పాలి."

"ఐదు నిమిషాలు దాటితే మా మేనేజరు నా పేరే చదివేస్తాడు!"

ముసలాయన పడీ పడీ నవ్వాడు.

మర్నాడూ వచ్చాడు. ఆ మర్నాడూ వచ్చాడు.

వెర్లిన్ విసిగిపోయింది. "ఆయన్ని ఇటు రానివ్వకు. చావు కబుర్ల పిచ్చి పట్టినట్టుంది" అని గేటు మనిషికి చెప్పింది.

తర్వాత ఆయన రాలేదు.

శుక్రవారం మేనేజరు అద్దం అవతల గడియారం చూసుకుంటూ నిలబడ్డాడు.

ఏడు కాగితాలు. చివరిదాన్ని వెర్లిన్ రెండుసార్లు చూసుకుంది.

ఆల్బన్ రెడ్‌హెడ్. వయసు డెబ్బై తొమ్మిది. బంధువుల పేర్లు రాసే చోట ఖాళీ.

మిగతా ఆరూ చదివేసరికి ఇంకా పది సెకన్లే మిగిలాయి. గబగబా చదివితే సరిపోతుంది.

ఆమె 'ఆల్బన్' మీద గొంతు ఆనించింది. 'రెడ్‌హెడ్' దగ్గర దించింది. ఆగింది.

మేనేజరు చెయ్యి ఊపాడు. ఆమె తల ఎత్తలేదు. ఖననం రేపు మూడింటికి, గుయావ్ ఊరి సమాధుల తోటలో అని ఒక్కో మాటా విడిగా, బతిమాలుతున్నట్టు పలికింది.

బయటికి వచ్చేసరికి మేనేజరు ముఖం ఎర్రగా కందిపోయి ఉంది. ఆయన నోరు తెరవబోతుంటే ఫోను మోగింది.

వెర్లిన్ ఎత్తింది.

"రేపు మూడింటికేనా బిడ్డా?" ఎవరో పెద్దావిడ, ఏడుపు ఆపుకుంటోంది.

ఇంతలో రెండో ఫోను. అది మేనేజరు ఎత్తాడు. కాసేపు విన్నాడు. "అవునండీ, రేపు మూడింటికే" అన్నాడు, గొంతు తగ్గించి.

"ఆయన మీకేమవుతారమ్మా?" అని వెర్లిన్ అడిగింది.

"చుట్టరికమేం లేదు. మా అన్న ధర్మాసుపత్రిలో పోయినప్పుడు నేను ట్రినిడాడ్‌లో ఉన్నాను, పడవ అందలేదు" అంది ఆవిడ. "రేడియోలో పేరు విని, ఎవరూ లేనివాళ్ళ శవపేటికకి భుజం పట్టడానికి వెళ్ళేవాడు తల్లీ, ఆయన."