తూత్తుకుడి గాలి

"లీవా? నేనా?" పెళ్ళాం అన్న మాటకు చిన్నప్పన్ చేతిలోని ముద్ద మళ్ళీ కంచంలో పడేశాడు. "మతి ఉండే మాట్లాడతా ఉండావా వీరాయీ?"

"ఉండే మాట్లాడతా ఉండాను మామా. మిల్లులో చేరినప్పటి నుంచి ఒక్క లీవన్నా పెట్టినావా? పురటాసి నెలలో ఎండ తగ్గుతాది. తూత్తుకుడి పోదాం. మా పొన్నక్క ఇల్లు సముద్రం ఒడ్డునే. ఊరికే తిని, గాలికి పడుకోని, ఆయుధపూజ అయినాక వద్దాం."

చిన్నప్పన్‌కి ఒళ్ళు మండిపోయింది. కోయంబత్తూరులో ఆ మిల్లు లైను ఇళ్ళలో ఎవరినడిగినా చెబుతారు, అతనికి ముందు నూలు వడికే తన రింగు ఫ్రేము, ఆ తర్వాతే పెళ్ళాం బిడ్డ. ఏటా ఆయుధపూజకు ఆ ఫ్రేమును తానే తుడిచి, గంధం పూసి, కుంకుమ పెట్టి, దండ వేస్తాడు. ఇంకో చెయ్యి తగలనివ్వడు.

"నేను తూత్తుకుడిలో గాలి పీలుస్తా ఉంటే నా ఫ్రేముకు బొట్టు ఎవడు పెడతాడే? ఆ వేలుగాడా?"

వేలు బదిలీవాడు. పర్మనెంటు మనిషి రాని రోజే బదిలీవాడికి పని, లేకపోతే గేటు దగ్గర నిలబడి నిలబడి ఇంటికి పోవాల్సిందే. చిన్నప్పన్ ఫ్రేముకు బదిలీ వేలు. చిన్నప్పన్ రాకుండా ఉండేదెప్పుడు, ఆ అబ్బాయికి పని దొరికేదెప్పుడు! అయినా రోజూ పొద్దున గేటు దగ్గర చేతులు కట్టుకుని, "ఒళ్ళు బాగుందా పెద్దాయనా?" అని అడగడం మాత్రం మానడు.

"ఒళ్ళు బాగుందా అంట! బాగలేదంటే పండగ చేసుకుందామని కదా!" అని చిన్నప్పన్ పళ్ళు నూరేవాడు. "వరసగా పని దొరికితే ఆయుధపూజనాడు వానికి పర్మనెంటు కార్డు ఇస్తారు. నా ఫ్రేము మీద వానికి కార్డా? కార్డు లేనోడు మనిషే కాదు, పో!"

మర్నాడు గేటు దగ్గర వేలు మళ్ళీ అదే మాట అడిగాడు. చిన్నప్పన్ నలుగురూ చూస్తుండగా దులిపేశాడు. "నా చావు కోసం కాచుకోని ఉండావారా? నీ కండ్లు పడే నాకు దగ్గు తగ్గలేదు!" వేలు తల వంచుకుని పక్కకు జరిగి దారి ఇచ్చాడు. ఆ అణకువ కూడా చిన్నప్పన్‌కి పొగరులాగే కనిపించింది.

ఆ సాయంత్రం కూతురు రాసాత్తి అన్నం ముట్టలేదు. తనూ ఆ మిల్లులోనే నూలు చుట్టే పని చేస్తుంది. "పోయి రా నాయినా, అమ్మకు ఆశగా ఉండాది," అని గోడవైపు తిరిగి పడుకుంది.

"అమ్మ ఆశ తీరలేదని నీకూ అలకా? నువ్వూ వస్తావా మరి?"

"నాకు లీవు ఇయ్యరు. మీరే పొండి."

ఆ తర్వాత ఇంట్లో గుసగుసలు మొదలయ్యాయి. పొయ్యి దగ్గర తల్లీకూతుళ్ళు ఏదో మాట్లాడుకుంటారు, అతను గడప దాటగానే నోరు మూసుకుంటారు. వీరాయి కళ్ళు తుడుచుకుంటుంది. ఇదంతా ఏమిటని చిన్నప్పన్ తల బద్దలు కొట్టుకుంటుంటే, పక్కింటి లక్ష్మియమ్మాళ్ వచ్చి జాలిగా చూసి, "వీరాయి మిల్లు డాక్టరు దగ్గరికి ఎందుకు పోయిందన్నా? నీ దగ్గు సంగతేనా?" అంది.

చిన్నప్పన్‌కి అంతా అర్థమైపోయింది. అదా సంగతి! దూది దుమ్ము పీల్చి పీల్చి ఊపిరితిత్తులు పోయాయన్నమాట. అందుకే సముద్రపు గాలి. భయం వెనకే కోపం తన్నుకొచ్చింది. నా ఒంటి సంగతి నాకే దాస్తారా! ఆ కోపంలోనే పోయి లీవు పెట్టాడు.

స్టేషనుకు వేలు కూడా వచ్చాడు. ట్రంకుపెట్టె అందుకోబోతే చిన్నప్పన్ లాగేసుకున్నాడు. "నేను నిజంగా పోతా ఉండానా లేదా అని చూసుకునేదానికి వచ్చినావా? చూసుకో!" రైలు కదులుతుంటే ప్లాట్‌ఫారం మీద రాసాత్తి వెక్కి వెక్కి ఏడ్చింది. ఇక తిరిగి రానని బిడ్డకు తెలిసిపోయింది కాబోలు అనుకుని చిన్నప్పన్ ముఖం తిప్పుకున్నాడు.

తూత్తుకుడిలో పొన్నక్క బాగానే చూసుకుంది. గాలి చల్లగా ఉంది, మధ్యాహ్నం నిద్రలు హాయిగా ఉన్నాయి. వీరాయి చిన్నపిల్లలా అలల్లో కాళ్ళు తడుపుకుంది. చిన్నప్పన్‌కి మాత్రం తిన్నది ఒంట పట్టలేదు.

ఆయుధపూజ నాటి సాయంత్రం ఇసుకలో కూర్చుని ఇక ఉండబట్టలేకపోయాడు.

"నిజం చెప్పు. డాక్టరు ఏమన్నాడు? నేను ఎన్నాళ్ళుంటాను?"

వీరాయి తెల్లబోయింది. "ఏం మాటలు మామా అవి? దుమ్ము దగ్గు, అంతే అన్నాడు. సముద్రం గాలి మంచిదేనా అని అడిగేదానికి పోయినాను."

"మరి ఆ ఏడుపులు? ఆ గుసగుసలు? నన్ను ఇంత దూరం లాక్కొచ్చింది ఎందుకే?"

వీరాయి పొద్దువైపు చూసి, గుండెల నిండా ఊపిరి పీల్చి వదిలింది. "ఈ పాటికి వేలుకు కార్డు ఇచ్చేసి ఉంటారు. పెరుమాళ్ళు చల్లగా చూసినాడు."

"వానికి కార్డొస్తే నీకెందుకే అంత సంతోషం?" చిన్నప్పన్ గొంతు చించుకున్నాడు. "నా ఫ్రేము పోగొట్టి వాని నోట్లో చక్కెర పోసేదానికా ఈ తూత్తుకుడి? వాడు నీకేమవుతాడు?"

వీరాయి లేచి, మొగుడి చెయ్యి అందనంత దూరం జరిగి నిలబడింది.

"రాసాత్తి మెడలో ఎప్పుడో తాళి కట్టినాడు. వేలు మన అల్లుడైపోయినాడు మామా."