సెవిల్ కోట క్షేమమా

రేపల్లె, 3-2-1971

చిరంజీవి వెంకటప్పయ్య గారిని అత్తగారు దీవించి రాయునది.

స్పెయిన్ దేశపు సెవిల్ ఊళ్ళో కోట కులాసాయేనా? గంటల గోపురానికి మోకాళ్ళ నొప్పులు తగ్గాయా? వీధిలో నారింజ చెట్లకు జలుబు చేయలేదు కదా? ఓడ ఆగిన ఒక్కరోజులో ఊరంతా తిరిగి, కార్డు నిండా వాటి సంగతే రాశారు గనక అడుగుతున్నాను.

మీ ఓడ మునిగిందేమోనని ఇక్కడ నెలరోజులు హడలిపోయాను. నెలలు నిండిన పెళ్ళాం ఎలా ఉందని అడగడానికి మాత్రం మీ కార్డులో చోటు చాల్లేదు.

"పోనీలే అమ్మా, చిన్న కార్డు" అంది తులసి, దాంతోనే పక్కలో పసిబిడ్డ మీద దోమలు తోలుతూ.

ఆడో మగో నేను రాయను. నా కార్డులోనూ చోటు లేదు. బొంబాయిలో దిగగానే రైలెక్కి, బారసాలకు వచ్చి మీరే చూసుకోండి. ఫిబ్రవరి పద్దెనిమిది, గురువారం.