మా ఇంటి ఉపాధ్యక్షుడు

అధ్యక్ష పదవికి నిలబడేవాళ్లు ఇప్పుడు ఇంటికొక ఉపాధ్యక్షుణ్ణి ఎంచుకుంటున్నారు. ఏ ఇంట్లో ఎవరి మాట చెల్లుతుందో వాళ్ల ముఖంతోనే గోడమీది తెరలోకి వస్తాడు. మా ఇంటికి, నా భార్య ఈదమ్మకు అన్న, ఎప్పుడో చనిపోయిన ఐలయ్య ముఖంతో వచ్చాడు.

"తిన్నవా చెల్లే? రేపు మాకే ఓటెయ్యాలె."

ఈదమ్మ ఏడ్చింది. తరువాత వంటింట్లో పొయ్యి దగ్గర నా చెవిలో అంది: "మా అన్న ఉత్త చేతులతోని ఎన్నడన్న వచ్చిండా? నేను ఓటెయ్య."

తెల్లారేసరికి గడపమీద చిలకపచ్చ చీర ఉంది. ఆమెకిష్టమైన రంగు.

ఈసారి నేను ఆమె చెవిలో అడిగాను: "ఆ మాట నాకొక్కనికే చెప్పినవు గదనే! ఎవరు విన్నరు?"

"అన్న విన్నడు," అంటూ చీర కట్టుకొని ఓటుకు బయలుదేరింది.