మెర్విన్ తాత తాడు

“మెర్విన్ తాతా, తాడు లాగుతున్నావా, పట్టుకుని వేలాడుతున్నావా?” అన్నాను వెనకనుంచి.

“నా బరువు కూడా లేకపోతే మీకు కసరత్తెక్కడిది?” అన్నాడు.

ఆల్బనీ కోటలో వేడుక. పాత ఫిరంగిని పదిమందిమి తాళ్ళతో మైదానంలోకి లాగుతున్నాం. కేకేసి అందరి అడుగులూ కలిపేది తాత భార్య నొయెలీన్.

కాస్త ఆగినప్పుడు ఆవిడ పక్కకు చేరాను. “మీ ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టకూడదూ? మాకు ఫిరంగి బరువొక్కటి చాలు.”

నొయెలీన్ నవ్వింది. “డాక్టరు చేతికర్ర వాడమన్నాడు. ఈయన ముట్టుకోనంటే ముట్టుకోనన్నాడు. తాడైతే పట్టుకుని ఎంత దూరమైనా నడుస్తాడు.”

మళ్ళీ తాళ్ళు అందుకున్నాం. ఆవిడ కేక వేయబోతుంటే ఆపాను.

“కొంచెం నెమ్మదిగా నడిపించండి. నాకు కాళ్ళు నొప్పి.”

“ఇదీ ఈ కాలంవాళ్ళ సత్తా,” అన్నాడు మెర్విన్ తాత, తాడు బిగించి పట్టుకుంటూ.