ఒక పూట కాపురం

తెల్లవారేసరికి అరవై మిర్చి టిక్కీ బస్తాలు ట్రాక్టరెక్కి ఇల్లు దాటాయి. ఘాటు మాత్రం దాటలేదు.

ఖుర్షిదా వరసగా నాలుగు తుమ్ములు తుమ్మింది. "ఇంకా పోలేదేంటి పేరయ్య గారూ?"

"ఏడు నెలలున్న సరుకమ్మా. పొమ్మంటే గంటలో పోద్దా?" అన్నాడు పేరయ్య కళ్ళు తుడుచుకుంటూ.

చిలకలూరిపేటలోని ఆ ఇల్లు ఖుర్షిదాది. అద్దెకుంటున్నది ప్రత్తిపాడు రైతు పేరయ్య. ఉంటున్నది అంటే ఆయన కాదు, ఆయన మిర్చి. కోల్డ్ స్టోరేజీలో చోటు దొరక్క, రేటు పెరిగాక అమ్ముదామని గదుల నిండా టిక్కీలు పేర్చాడు.

మొన్నటి తుఫానుకు వెనకవైపు రేకులు లేచిపోయాయి. ఖుర్షిదా దగ్గర ఇన్సూరెన్స్ పాలసీ ఉంది. పాలసీలో ఒక షరతు కూడా ఉంది. అద్దెకిచ్చిన ఇంట్లో కుటుంబం కాపురం ఉండాలి. సరుకు నిల్వ చేస్తే క్లెయిమ్ రాదు. క్లెయిమ్ రాకపోతే రేకులు రావు. రేకులు లేని ఇంటికి అద్దె రాదు. ఆ అద్దె మీదే కూతురు అర్ఫా నర్సింగ్ చదువుతోంది.

నష్టం చూసి రాసుకోవడానికి సర్వేయర్ శుక్రవారం వస్తాడని, అతని పేరూ నంబరుతో సహా మెసేజ్ వచ్చింది. అంటే ఒక్క పూటకి అర్జెంటుగా ఒక కాపురం కావాలి.

మొగుడి వేషానికి పేరయ్య ఉన్నాడు. ఆయన అసలు భార్య సుబ్బరావమ్మ మాత్రం ఫోన్లోనే తేల్చేసింది. "ఇక్కడ పత్తి తీతకి కూలీలు దొరక్క నేను చస్తుంటే, నీకు పేటలో కాపురం కావాల్సొచ్చిందా?"

దిక్కు తోచక ఖుర్షిదా ఆ మెసేజ్‌ని గుంటూరులో ఉన్న అఖిలకు పంపింది. కాలేజీలో క్లాస్‌మేట్. ఇరవై ఏళ్ళ తర్వాత ఈమధ్యే వాట్సాప్ గ్రూపులో దొరికింది. అఖిల ఫోన్ చేసి ముందు తనివితీరా నవ్వింది. ఆ తర్వాత, "ఇల్లాలిగా నేనొస్తాలేవే" అంది.

"మీవారేమీ అనుకోరా?"

"ఆయనకి ఆ రోజు క్యాంపు."

అన్నట్టే శుక్రవారం పొద్దున ఏడున్నరకల్లా సూట్‌కేసుతో దిగింది. రెండు చీరలు తాడు మీద ఆరేసింది. నీలం చారల చొక్కా ఒకటి కొక్కేనికి తగిలించింది. అద్దానికి బొట్టుబిళ్ళలు అంటించింది. ఖుర్షిదా ఇంట్లోంచి మంచం, టీవీ, గ్యాస్ స్టవ్వు వచ్చాయి. ఇల్లు అచ్చం ఇల్లులాగే తయారైంది.

"అంతా బాగుంది. ఈ ఘాటుకేం చెబుదామే?" అంది ఖుర్షిదా.

అఖిల బాణలి పెట్టి గుప్పెడు ఎండుమిర్చి వేయించడం మొదలుపెట్టింది.

పదింటికి సర్వేయర్ లక్ష్మీకాంత్ వచ్చాడు. గడపలో అడుగుపెట్టి, వంటింటి వైపు చూసి ఆగిపోయాడు. ఆ తర్వాత దగ్గాడు. కళ్ళు ఎర్రబడేదాకా దగ్గాడు.

ఖుర్షిదా గబగబా కిటికీ తలుపులు తెరిచింది.

"ఘాటు మీకు పడదల్లే ఉంది. మజ్జిగ తాగండి" అంటూ అఖిల గ్లాసు అందించింది. "గోంగూర పచ్చడికి వేయిస్తున్నా."

అతను గటగటా తాగి ఫైలు తెరిచాడు. పెన్ను కిందపడింది. తీసుకుంటే మళ్ళీ పడింది.

"ఈ ఇంట్లో ఉండేది..."

"మేమేనండి, ఆలుమగలం" అన్నాడు పేరయ్య పాఠం అప్పజెప్పినట్టు.

సర్వేయర్ ఆయన్ని పైనుంచి కిందిదాకా చూశాడు. రేకుల నష్టానికి అంత చూపు అవసరం లేదు. "పెళ్ళయి ఎన్నాళ్ళయింది?"

"ఇరవై ఆరేళ్ళు" అన్నాడు పేరయ్య.

"పదమూడు" అంది అఖిల, సరిగ్గా అదే క్షణంలో.

"ఇద్దరిదీ ఒకటే పెళ్ళా, వేరువేరా?"

"నాతో ఒక్కో ఏడూ రెండేళ్ళలా గడుస్తున్నట్టుంది పాపం" అంది అఖిల.

ఖుర్షిదా గోడకు ఆనుకుంది. పరిస్థితి చక్కదిద్దుదామని పేరయ్య గొంతు సవరించుకున్నాడు. "అమ్మగారూ, సార్‌కి ఇంకాస్త మజ్జిగ పొయ్యండి."

"భార్యని అమ్మగారూ అంటారా మీరు?"

"అలా పిలిచే మొగుళ్ళు ఎక్కడో గాని దొరకరండి" అంది అఖిల. "కొందరైతే అసలు పిలవనే పిలవరు. ఫోన్ చూసుకుంటూ చెయ్యి చాపుతారు. కాఫీ వచ్చి అందులో పడాలి."

సర్వేయర్ చెయ్యి జేబులో పెట్టుకున్నాడు.

కొక్కేనికున్న చొక్కా దగ్గర చాలాసేపు నిలబడ్డాడు. "ఇది మీదేనా?"

"నాదేనండి" అన్నాడు పేరయ్య. ఆ చొక్కాలో ఆయన సగం కూడా పట్టడు.

"ఉతికితే దగ్గరికి లాగింది" అంది అఖిల. "మూడో బొత్తాం ఊడి ఆర్నెల్లయింది. తను కుట్టుకోరు, నాకు చెప్పరు."

సర్వేయర్ చొక్కా వదిలేసి వెనకవైపుకి నడిచాడు. నిచ్చెనెక్కి రేకులు ఎగిరిపోయినచోట ఫోటోలు తీసుకున్నాడు. విరిగిన వాసాలు చూసుకున్నాడు. కిందికొచ్చి పెన్ను తీసి, వంటింటి వైపు ఒకసారి చూశాడు. అఖిల చేతిలో అట్లకాడ ఉంది.

'కుటుంబం నివాసం ఉంటోంది' అని రాసి సంతకం పెట్టాడు.

"క్లెయిమ్ వస్తుందాండీ?" అంది ఖుర్షిదా.

"నష్టం కళ్ళెదుట కనపడుతోంది కదమ్మా, వస్తుంది." గడప దాటబోతూ పేరయ్య వైపు తిరిగాడు. "జాగ్రత్తండీ. మీ ఆవిడ గట్టి మనిషి."

"ఏమోనండి, ఇయ్యాలే చూస్తన్నా" అని నాలిక్కరుచుకున్నాడు పేరయ్య.

సర్వేయర్ బైక్ మలుపు తిరిగాక ముగ్గురూ నవ్వారు, తుమ్మారు, మళ్ళీ నవ్వారు. అఖిల చీరలు మడతపెట్టుకుని పన్నెండింటి బస్సెక్కింది.

సాయంత్రం ఆరింటికి గుంటూరులో సర్వేయర్ లక్ష్మీకాంత్ తన ఇంటి బెల్ కొడితే, తలుపు తీసింది అఖిల.