రెండో సంతకం

మొహా పంపిన ఫొటోల్లో ఒక్కదాన్ని మాత్రం ఫొటోలు అమ్మిపెట్టే కంపెనీ వాళ్ళు వెంటనే తిప్పి పంపలేదు.

మిగతావన్నీ తిరిగొచ్చాయి. కట్టెల మోపుతో కొండెక్కుతున్న కంచర గాడిద: ఫోకస్ కుదరలేదు. పొయ్యి మీద టీ కెటిల్: వెనకాల డబ్బా మీద ఏదో కంపెనీ గుర్తు కనిపిస్తోంది. అక్రోటు చెట్ల కింద సాయంత్రం: నీడల్లో మచ్చలు పడ్డాయి. మట్టి మూకుడులో ఉడుకుతున్న తాజీన్ కూర: ఇలాంటివి మా దగ్గర కొల్లలుగా ఉన్నాయి. కొత్తగా చేరినవాళ్ళు మొదటి విడతలో ఒక్క ఫొటో కూడా గట్టెక్కించుకోలేకపోతే ఖాతా మూసేస్తారు. అది వాళ్ళ నియమం.

అట్లాస్ కొండలెక్కే విదేశీయుల సామాను మోసి బతికినవాడు మొహా. వాళ్ళు రావడం మానేశాక కంచర గాడిదను అమ్మేశాడు. వాళ్ళలో ఒకావిడ వెళ్తూ వెళ్తూ ఇచ్చిన పాత కెమెరా మాత్రం మిగిలింది. అది కూడా తిండి పెట్టకపోతే ఇక చేయగలిగింది ఏమిటో అతనికి తెలియదు.

మిగిలిన ఆ ఒక్క ఫొటో బీహి మామ ఇల్లు. ఎర్రమట్టి గోడ, నీలం తలుపు, మిద్దె మీద తీగకు ఆరేసిన చారల దుప్పటి. వెలుతురు చాలా బాగుందని రాశారు కంపెనీ వాళ్ళు. అయితే అది ఒకరి సొంత ఇల్లు కాబట్టి ప్రాపర్టీ రిలీజ్ కావాలన్నారు. అంటే, ఫొటో అమ్ముకోవడానికి ఇంటి యజమాని సమ్మతిస్తూ చేసే సంతకం.

మొహా కొండ కింద ఉన్న అమిజ్‌మిజ్ ఊళ్ళో ఆ కాగితం అచ్చు తీయించుకుని, కూరగాయల బండెక్కి పైకి వెళ్ళాడు.

బీహి మామ రోడ్డు మలుపు దగ్గర రాతి మీద ఎండ కాగుతూ కూర్చున్నాడు. మొహా వాళ్ళమ్మకు వరసకు అన్న. మొహా సంగతంతా చెప్పి ఫోన్ చేతికిచ్చాడు. ముసలాయన బొమ్మను పెద్దది చేసి చూపించమన్నాడు. బొటనవేలితో దాన్ని జరుపుకుంటూ తలుపు, గడప, మెట్లు దాటి మిద్దె మీదికి వెళ్ళాడు.

"దుప్పటి ఆ తీగ మీదే ఆరేసింది చూడు. తుప్పు మరక పడుతుందే అంటే వింటేనా."

ఫొటో తీసిన రోజు మొహాకు గుర్తుంది. దుప్పటి తీసేదాకా ఆగరా అని ఇజ్జా అత్త మిద్దె మీంచి కేకలేసింది. అతను ఆగలేదు. కెమెరా చేతికొస్తే కళ్ళు నెత్తికెక్కాయని తిట్టి, కిందికి దిగొచ్చి మజ్జిగ ఇచ్చింది.

"ఎవరు కొంటార్రా దీన్ని? మా తలుపుతో వాళ్ళకేం పని?" అన్నాడు బీహి.

"క్యాలెండర్ల మీద వేస్తారు మామా. ఇళ్ళకు బీమా చేయించుకోండని ప్రకటనలు వేస్తారు కదా, వాటిలో కూడా."

బీహి దగ్గొచ్చేదాకా నవ్వాడు. నవ్వాక మొహం ముడుచుకుని, ఎవరెవరికో చూపించడానికి తన ఇల్లేమీ సంతలో గొర్రె కాదన్నాడు. మొహా బతిమాలలేదు. కాగితం మడిచి జేబులో పెట్టుకోబోయాడు.

"ఆగు. ఒకసారి వాళ్ళు తీసుకున్నాక మళ్ళీ చెరిపేస్తారా?"

"చెరపరు. వాళ్ళ దగ్గర ఎప్పటికీ ఉంటుంది."

బీహి చెయ్యి చాపాడు. మొహా సిరా పూసి వేలిముద్ర వేయించుకున్నాడు. కాగితంలో ఇంకో వరుస ఉంది. ఇంటికి ఇంకెవరైనా హక్కుదారులు ఉంటే వాళ్ళు కూడా సంతకం చేయాలి. దాన్ని పైకి చదివి మొహా ఆగిపోయాడు.

"సగం ఇజ్జాదే. దానికి చెప్పకుండా నేను మేకపిల్లను కూడా అమ్మలేదు" అన్నాడు బీహి.

మొహా కాగితం తీసుకుని కొండ దిగాడు. ఒక్కరి ముద్ర చాలేమోనన్న ఆశతో, రెండో ఆమె సంతకం దొరకదని రాసి కాగితం పంపించాడు. కంపెనీ నుంచి జవాబు ఎంతో మర్యాదగా వచ్చింది. భాగస్వాములందరూ సంతకం చేయాల్సిందే. అయితే ఆమె ఎక్కడున్నా ఫరవాలేదు, ఫోన్ మీద వేలితో గీసినా చెల్లుతుంది. వారం రోజుల గడువు ఇస్తున్నాం.

ఇక కుదరదని చెప్పడానికి మొహా మళ్ళీ పైకి వెళ్ళాడు. బీహి ఆ జవాబును రెండుసార్లు చదివించుకున్నాడు.

"ఎక్కడున్నా ఫరవాలేదన్నారా?"

"అన్నారు మామా."

"అయితే ఇంట్లోనే ఉందని రాయి."

మొహా తలెత్తలేదు.

"రాయరా. అబద్ధమేం కాదుగా. ఇంట్లోనే ఉంది, సంతకానికి చెయ్యి ఖాళీ లేదని రాయి."

ముసలాయన పక్కనుంచి కదల్లేదు. మొహా ఆయన చెప్పింది చెప్పినట్టే రాసి పంపాడు. గడువు దాటింది. సంతకం అందనందున ఫొటోను నిరాకరించామనీ, ఖాతా మూసేశామనీ రెండు ముక్కల్లో కబురొచ్చింది. ఆ సంగతి చెప్పడానికి వెళ్ళినప్పుడు బీహి ఫోన్ తీసుకుని, బొమ్మను పెద్దది చేసుకుని, బొటనవేలితో మళ్ళీ మెల్లగా మిద్దె మీదికి వెళ్ళాడు.

భూకంపానికి కుప్పకూలిన ఆ ఇంటి మట్టి కింద నుంచి ఇజ్జాను ఇప్పటిదాకా ఎవరూ బయటికి తీయలేదు.